పెళ్లి కాని జంట ఇల్లు అమ్మితే ఎవరికెంత?

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో పెళ్లి చేసుకోకుండా కలిసి ఉంటున్నవాళ్లు ఇల్లు కొనుక్కోవడం ఇప్పుడు వింత కాదు. అద్దెకు వెళ్తే "మీరిద్దరూ ఏమవుతారండీ?" అన్న ప్రశ్న, ఓనర్‌కు చెప్పాల్సిన కట్టుకథ, పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోగానే మళ్లీ వేట. ఆ అద్దెకు ఇంకొంత కలిపితే ఈఎంఐ అవుతుంది కదా అని కొండాపూర్‌లోనో నల్లగండ్లలోనో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ తీసుకుంటారు. కొనేటప్పుడు ఇద్దరి జీతాలూ కలిపి చూపిస్తే పెద్ద లోన్ వస్తుంది. విడిపోయేటప్పుడే చిక్కు. ఇల్లు అమ్మేద్దామని ఇద్దరూ ఒప్పుకున్నా, వచ్చిన డబ్బులో ఎవరికెంత అనే దగ్గర మాట తెగదు.

ఇలాంటి జంటల కోసం మన దేశంలో ఆస్తి పంపకాల చట్టమంటూ ప్రత్యేకంగా లేదు. ఫ్యామిలీ కోర్టుకు వెళ్దామంటే, 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం అక్కడ తేలేవి వివాహబంధంలో ఉన్నవాళ్ల ఆస్తి తగాదాలు. ఇక మిగిలేది మామూలు సివిల్ కోర్టు, మామూలు ఆస్తి చట్టం. షాద్‌నగర్ వైపు కలిసి ప్లాట్ కొన్న ఇద్దరు స్నేహితులకు ఏ నియమాలు వర్తిస్తాయో వీళ్లకూ అవే. ఎన్నేళ్లు కలిసి ఉన్నారు, ఎవరు ఎవర్ని వదిలేశారు, తప్పెవరిది అన్నవి వాటాల లెక్కలోకి రావు. ఇద్దరూ ఆడవాళ్లైనా, ఇద్దరూ మగవాళ్లైనా ఇదే లెక్క. స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వడానికి 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు నిరాకరించింది కాబట్టి వాళ్లకు ఉన్న దారి కూడా ఇదే.

ఈ విషయం నెట్‌లో వెతికితే ముందుగా కనిపించేవి ఇంగ్లండ్, అమెరికా సలహాలు. వాటిని నమ్ముకుని ఇక్కడి లాయర్ దగ్గరికి వెళ్తే నిరాశే. 2011లో బ్రిటన్ సుప్రీంకోర్టు ముందుకు పెళ్లి కాని ఒక జంట కేసు వచ్చింది. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. విడిపోయాక ఏళ్ల తరబడి కిస్తీలన్నీ ఆమే కట్టింది. చివరికి 90 శాతం ఆమెకు, 10 శాతం అతనికి అని కోర్టు తేల్చింది. ఇద్దరూ నడుచుకున్న తీరును బట్టి వాళ్ల ఉద్దేశం ఇదై ఉంటుందని ఊహించి వాటాలు మార్చే వెసులుబాటు అక్కడి కోర్టులకు ఉంది. మన దగ్గర ఆ వెసులుబాటు చాలా తక్కువ. డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది అయినప్పుడు డబ్బు పెట్టినవారి పక్షాన నిలబడే సెక్షన్ 1882 నాటి ట్రస్టుల చట్టంలో ఉండేది. 1988లో బినామీ చట్టం దాన్ని రద్దు చేసేసింది.

ఇంకో అపోహ కూడా ఉంది. పెళ్లయి ఉంటే ఇంట్లో సగం దక్కేది అనుకుంటారు. గోవాను పక్కన పెడితే, భర్త సంపాదనతో కొన్న ఇంట్లో భార్యకు సగం అనే నియమం మన చట్టంలో లేదు. భార్యాభర్తలకు భరణం ఉంది, పన్నుల్లో మినహాయింపులు ఉన్నాయి, బినామీ చట్టంలో మినహాయింపు ఉంది. పెళ్లి లేనివాళ్లకు దూరమయ్యేవి ఇవి. పన్ను, బినామీ సంగతులే ఎక్కువమందిని దెబ్బతీస్తాయి, వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

సేల్ డీడ్‌లో ఏముంది?

ఇద్దరి పేర్లూ సేల్ డీడ్‌లో ఉంటే ముందు చూడాల్సింది అందులో వాటాలు రాశారా లేదా అన్నది. 60:40 అని రాసి ఉంటే గొడవ దాదాపు అక్కడితో అయిపోయినట్టే. రిజిస్టరైన పత్రంలో ఉన్నదానికి విరుద్ధంగా నోటిమాట సాక్ష్యంతో గెలవడం చాలా కష్టం. కానీ మన డాక్యుమెంట్ రైటర్లు వాడే నమూనాలో కొనేవాళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి, తండ్రి పేరు, వయసు, వృత్తి, ఆధార్, పాన్ అన్నీ ఉంటాయి, వాటా మాత్రం సాధారణంగా ఉండదు. అడిగి రాయించుకోవాలి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో స్లాట్ టైమ్ దగ్గర పడుతుంటే, పక్కన అమ్మేవాళ్లు నిలబడి ఉంటే, "మా ఇద్దరి వాటాలు కూడా రాయండి" అనడానికి మొహమాటం అడ్డొస్తుంది. ఆ మొహమాటం ఖరీదు లక్షల్లో ఉంటుందని అప్పుడు తోచదు.

కొందరు ఇంకో పని చేస్తారు. పెళ్లి కానివాళ్లను కలిపి లోన్‌కు తీసుకోవడానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి కాబట్టి, ఆమెను అతని భార్యగా రాయించేస్తారు. విడిపోయాక ఇది మెడకు చుట్టుకుంటుంది. పెళ్లయిందని ఒకరు, కాలేదని ఒకరు వాదించుకునే కేసులో ఆ ఒక్క మాటే పెద్ద సాక్ష్యమై కూర్చుంటుంది. పైగా బ్యాంకుకు తప్పుడు సమాచారం ఇచ్చినట్టవుతుంది.

వాటాలు రాయకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 45వ సెక్షన్ రంగంలోకి వస్తుంది. అది చెప్పేది సూటిగానే ఉంటుంది. ఉమ్మడి నిధిలోంచి డబ్బు కట్టి ఉంటే ఆ నిధిలో ఎవరి భాగం ఎంతో ఇంట్లోనూ అంతే. ఎవరి డబ్బు వాళ్లు విడిగా పెట్టి ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, పెట్టిన డబ్బు నిష్పత్తిలో వాటా. ఎవరెంత పెట్టారో చూపే ఆధారం లేకపోతే చెరి సగం. అంటే సగం అన్నది హక్కు కాదు, ఆధారం దొరకనప్పుడు కోర్టు ఆగే చోటు. దాని పక్కనే ఉన్న 46వ సెక్షన్ అమ్మకం గురించి. ఇంట్లో వాటాలు ఎలా ఉంటే, వేరే ఒప్పందం లేకపోతే, అమ్మగా వచ్చిన డబ్బులోనూ అలాగే అంటుంది.

పెట్టిన డబ్బు అనగానే హైదరాబాద్‌లో ఒక ఇబ్బంది ఉంది. రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, అసలు ధర ఇంకొకటి. తేడా నోట్ల కట్టల్లో చేతులు మారుతుంది. ఆ నగదు ఆమె ఇచ్చి, చెక్కు అతను ఇచ్చి ఉంటే కాగితం మీద కొన్నది అతనొక్కడే. ఊళ్లో పొలం అమ్మి నాన్న తెచ్చిచ్చిన డబ్బు చాలాసార్లు ఇలాగే మాయమవుతుంది. అసలు స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడమే ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు కాబట్టి, నేనే ఇచ్చానని కోర్టులో చెప్పుకోవడం కూడా ఒక టెన్షనే.

ఒకే ఇల్లు, ఎన్నో లెక్కలు

ఒక ఊహాజనిత జంటను తీసుకుందాం. 2019లో 80 లక్షలకు ఫ్లాట్ కొన్నారు. డౌన్‌పేమెంట్ 20 లక్షలు, అందులో ఆమెవి 14, అతనివి 6. మిగతా 60 లక్షలు ఇద్దరూ కలిసి ఇరవై ఏళ్ల లోన్ తీసుకున్నారు, వడ్డీ 8.5 శాతం అనుకుందాం. ఈఎంఐ నెలకు సుమారు 52,000. అది అతని శాలరీ అకౌంట్‌లోంచి పోతుంది. ఇంటి ఖర్చు ఆమెది. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, సరుకులు, కరెంటు, గ్యాస్, నెట్, పనిమనిషి జీతం అన్నీ కలిపి నెలకు 40,000. ఆరేళ్ల తర్వాత విడిపోయి కోటి 30 లక్షలకు అమ్మారు.

ఆరేళ్లలో అతను కట్టిన ఈఎంఐలు మొత్తం 37 లక్షల 50 వేలు. లోన్ స్టేట్‌మెంట్ తీసి చూస్తే అసలు తగ్గింది 9 లక్షలే, ఇంకా 51 లక్షలు బాకీ ఉంది. మిగతా 28.5 లక్షలూ వడ్డీ. లోన్ మొదటి ఏళ్లలో ఎవరికైనా ఇంతే, కానీ విడిపోయే రోజున ఈ కాగితం చూసి గుండె జారిపోని వాళ్లు తక్కువ. బాకీ తీర్చేస్తే చేతికి వచ్చేది 79 లక్షలు. బ్రోకర్ కమిషన్, చిల్లర ఖర్చులు ప్రస్తుతానికి వదిలేద్దాం.

చెరి సగమైతే ఒక్కొక్కరికి 39.5 లక్షలు. ముందు ఎవరి డౌన్‌పేమెంట్ వాళ్లు వెనక్కి తీసుకుని మిగిలిన 59 లక్షలు సగం చేసుకుంటే ఆమెకు 43.5, అతనికి 35.5. ఉమ్మడి అప్పును ఇద్దరూ చెరి 30 లక్షలు తెచ్చినట్టు భావించి 45వ సెక్షన్ ప్రకారం చూస్తే కొనుగోలు ధరలో ఆమెవి 44 లక్షలు, అతనివి 36, అంటే 55:45. అప్పుడూ దాదాపు అవే అంకెలు వస్తాయి. అతని లాయర్ దీన్ని ఒప్పుకోడు. ఈఎంఐ మొత్తం నా క్లయింట్ కట్టాడు, అతను పెట్టింది 43.5 లక్షలు, ఆమె పెట్టింది 14 అంటాడు. ఆ నిష్పత్తిలో పంచితే ఆమెకు 19 లక్షల పైచిలుకు, అతనికి 60కి కాస్త తక్కువ. వడ్డీని వదిలేసి తగ్గిన అసలును మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఆమె 14, అతను 15. అప్పుడు ఆమెకు 38, అతనికి 41 దాకా వస్తాయి.

అదే ఇల్లు, అవే రసీదులు. ఆమె చేతికొచ్చేది 19 లక్షల నుంచి 43.5 లక్షల మధ్య ఎక్కడైనా కావచ్చు. పేచీలు ఎందుకు ముదురుతాయో ఇక్కడే తెలిసిపోతుంది. ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు, ఎవరికి అనుకూలమైన లెక్క వాళ్లు పట్టుకుంటే చాలు.

ఇందులో ఏది న్యాయం? వడ్డీని అద్దెలా చూడటమే సబబని అనిపిస్తుంది. ఆ 28.5 లక్షలతో ఇంట్లో ఒక్క ఇటుక కూడా సొంతం కాలేదు, ఆరేళ్లు ఇద్దరూ అక్కడ ఉండటానికి అయిన ఖర్చు అది. మరి అదే ఆరేళ్లలో ఆమె పెట్టిన ఇంటి ఖర్చు, నెలకు 40,000 చొప్పున, 28.8 లక్షలు. రెండూ దాదాపు సరిపోయాయి. అతను వడ్డీ మోశాడు, ఆమె వంటిల్లు మోసింది. ఆ రెండింటినీ కొట్టేసి, డౌన్‌పేమెంట్‌నీ తగ్గిన అసలునూ చూస్తే 14:15 దగ్గర తేలుతుంది, అంటే ఇంచుమించు సగం. కానీ ఇది మాట్లాడుకుని ఒప్పుకునే లెక్క. తగాదా కోర్టుకెక్కితే ఈఎంఐకి బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటుంది, కూరగాయలకు ఏముంటుంది? యూపీఐ హిస్టరీ తీసి చూపినా, అది ఇంటి ధరలో భాగం కాదు పొమ్మంటారు. 45వ సెక్షన్ అడిగేది ఇంటి ధర ఎవరు పెట్టారని, ఇల్లు ఎవరు నడిపారని కాదు. "ఈఎంఐ నాది, ఇంటి ఖర్చు నీది" అనే ఏర్పాటు కలిసి ఉన్నన్నాళ్లూ ఎంతో సౌకర్యంగా ఉంటుంది, విడిపోయే రోజున మాత్రం సరుకులు కొన్నవాళ్లకు అన్యాయం చేస్తుంది. మన ఇళ్లలో ఆ సరుకులు కొనేది ఎక్కువగా ఎవరో చెప్పక్కర్లేదు. ఇద్దరూ నెలనెలా ఒక జాయింట్ అకౌంట్‌లో వేసి, ఈఎంఐ, ఖర్చులు రెండూ అందులోంచే వెళ్లేలా చూసుకున్నవాళ్లకు ఈ బాధ చాలావరకు తప్పుతుంది, ఉమ్మడి నిధి అని చట్టం చెప్పేదానికి అదే దగ్గరగా ఉంటుంది.

ఇంటీరియర్స్ ఇంకో తగువు. బిల్డర్ ఇచ్చేది గోడలు, తలుపులు, టైల్స్. మాడ్యులర్ కిచెన్, కప్‌బోర్డులు, ఫాల్స్ సీలింగ్, లైట్లు అన్నీ కలిపి పది పన్నెండు లక్షలు ఇట్టే అవుతాయి. వాటిని పెట్టినవాళ్లు పూర్తిగా వెనక్కి కావాలంటారు. ఆరేళ్ల వాడకంలో వాటి విలువ సగానికి పైగా పోయి ఉంటుంది, కొనేవాళ్లు కూడా వుడ్‌వర్క్ చూసి ధర పెద్దగా పెంచరు. బిల్లులున్నంత వరకు, తరుగు తీసేసి, మిగిలిన విలువ ఇప్పించుకోవడం ఒక దారి. కార్పెంటర్‌కు నగదు ఇచ్చి బిల్లు తీసుకోనివాళ్లు దాని మీద ఆశ వదులుకోవాల్సిందే.

విడిపోయిన రోజు నుంచి అమ్మిన రోజు వరకు ఉండే కాలానికి వేరే ఖాతా తెరవాలి. ఒకరు ఇల్లు వదిలి హాస్టల్‌కో అమ్మానాన్నల దగ్గరికో వెళ్తారు, రెండోవారు ఫ్లాట్‌లోనే ఉంటారు. బ్యాంకు దృష్టిలో మొత్తం అప్పుకు ఇద్దరూ బాధ్యులే. ఎవరు కట్టకపోయినా ఇద్దరి సిబిల్ స్కోరూ పడిపోతుంది. ఒక్కరే కడుతూ పోతే రెండోవారి వంతు రాబట్టుకునే హక్కు 1872 కాంట్రాక్ట్ చట్టం ఇస్తుంది, వేరే ఒప్పందం లేకపోతే సమానంగా. ఇంట్లో ఉన్నవారు అద్దె ఇవ్వాలా అంటే, సహ యజమాని తన ఇంట్లో తానున్నందుకు మామూలుగా అద్దె బాకీ పడరు. తాళం మార్చేసి రెండోవారిని రానివ్వకపోతే పరిస్థితి వేరు. అందుకే విడిపోయిన తేదీ, ఆ రోజుకు లోన్ బాకీ, ఆ తర్వాత ఈఎంఐ ఎవరిది అన్న మూడు సంగతులు ఒక ఈమెయిల్‌లోనైనా రాసుకోవడం మంచిది.

పేరు ఒకరిదే అయితే

ఇద్దరిలో ఒకరికి లోన్ రాకపోవడం, ఇంట్లోవాళ్లకు తెలియకూడదనుకోవడం, బ్యాంకు ఒప్పుకోకపోవడం, కారణం ఏదైనా ఫ్లాట్ ఒక్కరి పేరునే ఉండే సందర్భాలు చాలా ఉంటాయి. నెలనెలా సగం ఈఎంఐ అతని అకౌంట్‌కు పంపిన అమ్మాయి, ఇల్లు నాది కూడా అనుకుంటుంది. ఇక్కడ చట్టం చాలా కఠినం. 2016లో సవరించిన బినామీ చట్టం, భార్య లేదా భర్త పేరున, పిల్లల పేరున లెక్క చూపిన డబ్బుతో కొంటే బినామీ కాదంటుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రుల లాంటివాళ్లతో ఉమ్మడిగా పేరు ఉంటే దానికీ మినహాయింపు ఉంది. కలిసి ఉంటున్నవారు ఈ జాబితాలో ఎక్కడా లేరు. పేరున్నది అతనికే అయినా అసలు యజమానిని నేనే అని దావా వేస్తే 4వ సెక్షన్ అడ్డొస్తుంది. గట్టిగా వాదించేకొద్దీ అది బినామీ లావాదేవీ అని తానే ఒప్పుకున్నట్టవుతుంది. ఆ చట్టం కింద శిక్ష ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు, ఆస్తి మార్కెట్ విలువలో 25 శాతం వరకు జరిమానా.

కాబట్టి ఇంటి మీద కాకుండా డబ్బు మీద అడగాలి. అప్పుగా ఇచ్చాననో, ఊరికే ఇవ్వలేదు కాబట్టి ప్రయోజనం పొందినవారు తిరిగి ఇవ్వాలనో కాంట్రాక్ట్ చట్టం 70వ సెక్షన్ కింద దావా వేయవచ్చు. దీనికి గడువు సాధారణంగా మూడేళ్లు. ఐదేళ్ల కిందట పంపిన డౌన్‌పేమెంట్ గురించి ఇవాళ అడిగితే గడువు దాటిపోయింది అనే మాట ముందే వస్తుంది. గడువు దాటకముందే బాకీ ఉన్నట్టు డబ్బు తీసుకున్నవారు సంతకంతో రాసిచ్చిన కాగితం ఉంటే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది.

2005 నాటి గృహహింస నిరోధక చట్టం పెళ్లిలాంటి బంధంలో ఉన్న స్త్రీని కూడా రక్షిస్తుంది. కలిసి ఉన్న ఇంట్లో నివసించే హక్కు, ఆర్థిక ఉపశమనం అడగవచ్చు. కానీ అది నివాస హక్కే, యాజమాన్యం కాదు, అదీ హింసకు గురైనప్పుడు. ఏది పెళ్లిలాంటి బంధం అన్నదానికి 2013 నాటి ఇంద్రా శర్మ తీర్పులో సుప్రీంకోర్టు కొలతలు చెప్పింది. ఎంతకాలం ఉన్నారు, ఒకే ఇంట్లో ఉన్నారా, డబ్బు కలిపి వాడుకున్నారా, బయట జంటగానే తిరిగారా అన్నవి అందులో కొన్ని. అతనికి పెళ్లయిందని తెలిసీ కలిసి ఉన్న స్త్రీకి ఆ కేసులో రక్షణ దక్కలేదు.

మాట తెగని దశలో కొన్ని కుటుంబాలు పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతాయి. పెళ్లి చేసుకుంటానని మోసం చేశాడన్న ఫిర్యాదుకు భారతీయ న్యాయ సంహితలో 69వ సెక్షన్ ఉంది. మోసం నిజంగా జరిగి ఉంటే ఆ దారి వేరు. ఇంటి వాటా కోసం ఆ బెదిరింపు వాడటం వల్ల తేలేది తక్కువ. స్టేషన్‌లో వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద రాయించుకున్న హామీతో ఇల్లు చేతులు మారదు. బలవంతంగా సంతకం చేయించారని రేపు అదే కాగితాన్ని కొట్టేయించే వీలు కూడా ఉంటుంది.

పన్ను వాళ్ల లెక్క వేరు

పంపకం అయిపోయిందనుకున్నాక వచ్చే నోటీసు ఇది. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 దాటి ఊరికే డబ్బు వస్తే అది ఆదాయం కింద పన్నుకు వస్తుంది. భార్యాభర్తలు బంధువులే కాబట్టి వాళ్లకు ఈ బాధ లేదు. కలిసి ఉన్నవాళ్లు పన్ను చట్టం దృష్టిలో బయటివాళ్లే. సేల్ డీడ్‌లో సగం సగం అని ఉండి, ఆమె డౌన్‌పేమెంట్ ఎక్కువ కదా అని అతను 4 లక్షలు అదనంగా ఆమె అకౌంట్‌కు పంపితే, ఎందుకు పంపాడో చెప్పే కాగితం లేకపోతే అది కానుకలా కనిపిస్తుంది. ఇల్లు నువ్వే ఉంచుకో అని ఒకరు తన వాటా ఉచితంగా వదిలేసినా ఇదే సమస్య, వాటా విలువ మీద తీసుకున్నవారు పన్ను కట్టాల్సి రావచ్చు. వాటా రాసిస్తే రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా తక్కువేం కాదు. తెలంగాణలో సేల్ డీడ్‌కు 2021 జూలై నుంచి అన్నీ కలిపి 7.5 శాతం అవుతోంది. కుటుంబ సభ్యుల మధ్య బదిలీకి ఉన్న రాయితీలు వీళ్లకు వర్తిస్తాయని ముందే ధీమా పడకూడదు.

క్యాపిటల్ గెయిన్స్, అంటే అమ్మకం లాభం మీద పన్ను విషయంలో కూడా ఒక పొరపాటు అందరూ చేస్తారు. లోన్ పోగా చేతికి వచ్చింది 79 లక్షలే కదా అనుకుంటారు. పన్ను లెక్కలో లోన్‌కు చోటు లేదు. కోటి 30కి అమ్మారు, 80కి కొన్నారు, లాభం 50 లక్షలు. అందులోంచి రిజిస్ట్రేషన్ ఖర్చు, బ్రోకరేజీ లాంటివి తీసేస్తారు. 24 నెలలు దాటి ఉంచుకున్న ఇంటికి 2024 జూలై 23 తర్వాతి అమ్మకాల్లో 12.5 శాతం పన్ను. ఆ తేదీకి ముందే కొన్న ఇల్లయితే ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం లెక్క వేసుకుని ఏది తక్కువైతే అది కట్టే వీలు ఇక్కడ నివసించేవాళ్లకు ఉంది. ఎవరి వాటా లాభం మీద వాళ్లే కడతారు, మళ్లీ ఇల్లు కొనేవాళ్లకు మినహాయింపు దొరుకుతుంది. అందుకే పన్నును ఉమ్మడి డబ్బులోంచి తీయకూడదు. ఇల్లు కొనుక్కునే వ్యక్తి పన్ను తప్పించుకుంటుంటే, అద్దెకు వెళ్లే వ్యక్తి పన్నులో సగం అతని మీద వేయడం ఏం న్యాయం? ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు ముందుగానే 1 శాతం పన్ను (టీడీఎస్) పట్టుకుంటారు, అది ఇద్దరి పాన్‌ల మీదా విడివిడిగా, వాటాల ప్రకారం పడేలా చూసుకోవాలి. ఒకరు అప్పటికే అమెరికా వెళ్లిపోయి ఎన్‌ఆర్‌ఐ అయి ఉంటే వారి భాగం మీద టీడీఎస్ చాలా ఎక్కువ పడుతుంది. ఆడిటర్‌ను అడగకుండా ముందుకు వెళ్లొద్దు.

ఒకరు సంతకం పెట్టకపోతే

అమ్మకానికి ఇద్దరి సంతకం, వేలిముద్ర, ఫోటో కావాలి. ఒకరు మొండికేస్తే ఇల్లు కదలదు. అప్పుడు ఆస్తి పంచి ఇమ్మని కోర్టులో వేసే పార్టిషన్ దావానే దారి. ఇల్లు ఎక్కడుంటే అక్కడి కోర్టులో వేయాలి, హైదరాబాద్ అన్నంత మాత్రాన సిటీ సివిల్ కోర్టు కాదు. కొండాపూర్, మియాపూర్ రంగారెడ్డి జిల్లా, నిజాంపేట మేడ్చల్, తెల్లాపూర్ అయితే సంగారెడ్డి. ఇంట్లో ఉంటూ దావా వేస్తే కోర్టు ఫీజు నామమాత్రం, ఇంట్లోంచి గెంటేశారంటూ వేస్తే వాటా మార్కెట్ విలువను బట్టి ఫీజు. కోర్టు మొదట ఎవరి వాటా ఎంతో చెబుతూ ప్రాథమిక డిక్రీ ఇస్తుంది, తర్వాత పంపకం ఎలాగో చూసి చెప్పడానికి ఒక కోర్టు కమిషనర్‌ను వేసి, ఆ పైన తుది డిక్రీ. ఏళ్లు పడుతుంది.

ఫ్లాట్‌ను మధ్యకు కోసి పంచలేరు కాబట్టి 1893 నాటి పార్టిషన్ చట్టం పనికొస్తుంది. సగం లేదా అంతకు మించి వాటా ఉన్నవారు కోరితే కోర్టు అమ్మకానికి ఆదేశించవచ్చు. వారు అలా అడగగానే, రెండోవారు కోర్టు కట్టిన విలువకు ఆ వాటా తామే కొంటామని ముందుకు రావచ్చు. పైన చూసిన 55:45 లెక్కలో అమ్మమని అడగగలిగేది ఆమే, కొనే అవకాశం అతనికి. ఏ లెక్కన వాటాలు తేలతాయన్నదాని మీద ఎవరి చేతికి పగ్గాలు వస్తాయన్నది కూడా ఆధారపడుతుంది.

కోర్టు దాకా వెళ్లనక్కర్లేని దారి ఒకటుంది, దాన్ని ఎందుకో తక్కువమంది వాడుకుంటారు. ఇల్లు అమ్మడం, డబ్బు పంచుకోవడం రెండు వేర్వేరు పనులు. వాటాల గొడవ తేలేదాకా అమ్మకం ఆపితే ఈఎంఐ నడుస్తూనే ఉంటుంది, తగాదా ఇల్లని తెలిసి కొనేవాళ్లు ధర తగ్గిస్తారు. పై లెక్కలో అతను తన వాటా 60 అంటాడు, ఆమె 43.5 అంటుంది. అంటే ఆమెకు కనీసం 19, అతనికి కనీసం 35.5 అన్నదాంట్లో తగువే లేదు. అవి పుచ్చుకుని, మిగిలిన 24 లక్షల పైచిలుకును ఇద్దరి సంతకం ఉంటేనే తీయగలిగే జాయింట్ ఎఫ్‌డీలో వేసి, దాని గురించి తీరిగ్గా పోట్లాడుకోవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర దావా వేయకముందే లోక్ అదాలత్‌కు పెట్టుకునే వీలుంది. ఫీజు లేదు, అక్కడ రాజీ కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీల్ ఉండదు. నోటరీ కాగితం కంటే ఇది ఎన్నో రెట్లు గట్టిది.

అమ్మకం రోజు డబ్బు నడిచే తీరు కూడా ముందే రాసుకోవాలి. కొనేవారి బ్యాంకు ముందుగా పాత లోన్ బాకీకి నేరుగా డీడీ ఇస్తుంది. మిగిలినదాన్ని ఒకరి అకౌంట్‌లో వేయించుకుని తర్వాత పంచుకుందాం అనుకోవద్దు. అగ్రిమెంట్‌లోనే ఎవరి అకౌంట్‌కు ఎంత అని రాయించి, విడివిడిగా తీసుకోవాలి. వాటా నిష్పత్తికి తేడా ఉంటే ఎందుకో ఒక సెటిల్‌మెంట్ పత్రంలో ఉండాలి. ఫ్లోటింగ్ వడ్డీ హోమ్ లోన్ ముందే తీర్చినందుకు వ్యక్తుల దగ్గర బ్యాంకులు పెనాల్టీ తీసుకోకూడదు, అడిగితే ఇవ్వొద్దు. లోన్ తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు ఇవ్వాలని, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లోనే చెప్పింది. నెలా రెండు నెలల తర్వాత ఇద్దరూ ఎవరి సిబిల్ రిపోర్ట్ వాళ్లు తీసి, ఆ లోన్ క్లోజ్డ్ అని పడిందో లేదో చూసుకోవాలి. కొన్నప్పుడు అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు కట్టిన కార్పస్ ఫండ్ మామూలుగా వెనక్కి రాదు, కొనేవారికే వెళ్లిపోతుంది. దాన్ని ధరలో కలిపి అడగాలంటే బేరం కుదరకముందే అడగాలి.